మగ ఉల్లికోడు బయటపెట్టే గుట్టు

మా అత్తగారి ఊళ్లో ఉల్లికోడును తట్టుకున్న వరి రకమే మా చేలో వేస్తే గొట్టాలు ఎందుకు వచ్చాయని ఒక పాఠకుడు అడిగారు. ఇలాంటప్పుడు విత్తనం నకిలీదనో, చేనుకు దిష్టి తగిలిందనో అంటారు. దిష్టిబొమ్మకు పెట్టే శ్రద్ధ ఆ పురుగు మీద పెడితే అసలు కారణం దొరుకుతుంది.

ఉల్లికోడు దోమంత ఈగ. దాని పిల్లపురుగు పిలక మొవ్వులోకి చేరితే ఆకు తొడుగు ఉల్లికాడలా గొట్టమవుతుంది, ఆ పిలక ఇక వెన్ను వేయదు. ఈగ వెళ్లిపోయాక గొట్టం కొనలో చిన్న రంధ్రం, అందులోంచి తొంగిచూస్తూ ప్యూపా పొట్టు కనిపిస్తాయి. ఫల్గుణ అనే వరి రకంలో ఈ పురుగును అడ్డుకునే జీఎం2 అనే జన్యువు ఉంది. పురుగు చేరగానే అక్కడి కణాలు చచ్చిపోతాయి, వాటితోపాటు పురుగూ చస్తుంది.

అయితే మన దేశంలో ఉల్లికోడు బయోటైపులు, అంటే ఏ వరిని జయిస్తాయన్నదాన్ని బట్టి విడదీసిన తెగలు, ఏడు. కంటికి అన్నీ ఒకటే. ఉత్తర కోస్తాలో బయటపడ్డ నాలుగో బయోటైపు ఫల్గుణను జయించింది. వరంగల్ ప్రాంతపు 4ఎం అనే బయోటైపు ఇంకా మొండిది.

నన్ను కట్టిపడేసేది ఆ గెలుపు వెనకున్న లెక్క. ఫల్గుణను జయించే శక్తి ఒక్క అంతర్గత (రిసెసివ్) జన్యువుది, అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంది. ఆడ ఈగకు రెండు కాపీలూ ఉంటేనే ఆ శక్తి బయటపడుతుంది. మగదానికి ఉండేది ఒక్క ఎక్స్ క్రోమోజోమే కాబట్టి ఒక్క కాపీ చాలు, దాన్ని అణచడానికి రెండో కాపీ లేదు. చేలలోని ఎక్స్ క్రోమోజోముల్లో నూటికి ఒకదాని మీద ఈ జన్యువు ఉందనుకోండి. మగవాటిలో 100కి ఒకటి ఫల్గుణ మీద బతుకుతుంది. ఆడవాటిలో 10,000కి ఒకటే. బతికిన మగది పక్క చేలోని మామూలు ఆడదానితో కలిస్తే, పుట్టే ప్రతి కూతురికీ ఒక కాపీ అందుతుంది. ఆ కూతుళ్లు ఫల్గుణ మీద పెరగలేవు, మామూలు రకాల మీద మాత్రం హాయిగా పెరుగుతాయి. వాటి కొడుకుల్లో సగం మళ్లీ ఫల్గుణను జయిస్తాయి. ఊరూరా ఒకే జన్యువున్న రకం వేస్తే మనమే వాటిని ఏరి పెంచినట్టు.

బయోటైపును గుర్తించడానికి ఒకప్పుడు రకరకాల వరి వేసి, ఏది గొట్టం వేస్తుందో చూడటమే దారి. ఢిల్లీలోని ఐసీజీఈబీ అనే జన్యు పరిశోధన కేంద్రపు శాస్త్రవేత్తలు పీసీఆర్‌తో డీఎన్ఏ ముక్కలకు లక్షల నకళ్లు తీసి బయోటైపులను వేరుచేసే మార్కర్లు, అంటే డీఎన్ఏ గుర్తులు, తయారుచేశారు. ఆ జన్యువుకు బాగా దగ్గరగా ఉన్న మార్కర్ చేతిలో ఉంటే, ఒక కాపీని దాచుకున్న ఆడ ఈగ కూడా దొరికిపోతుంది. మొక్కల పరీక్షలో అది మామూలు ఈగలానే కనిపిస్తుంది.