పొరుగువాణ్ణి అభ్యంతరం మాత్రమే అడిగిన నిబంధన

ఒడిశాలోని నవరంగపూర్ జిల్లాలో క్రైస్తవులైన ఆదివాసుల శవాలను ఊరి నేలలో పూడ్చనివ్వడం లేదన్న వివాదం మళ్లీ రాజుకుంది. దాంతో పాటే పాత వాదాలు రెండూ మళ్లీ బయటికి వచ్చాయి. ఊరి కట్టుబాటును, ఊరి దేవతను కాదని వెళ్లినవాళ్లకు ఊరి నేలలో వాటా ఎక్కడిదన్నది ఒకటి. పుట్టిన ఊళ్లో మట్టిలో కలవడానికి ఎవరి అనుమతి కావాలన్నది మరొకటి. జయపురంలోనూ రాయగడలోనూ గుణుపురంలోనూ తెలుగువాళ్ల ఇళ్లలో ఇవే మాటలు వినిపిస్తున్నాయి. హిందువుగా ఉంటూనే, ఇంకా చెప్పాలంటే హిందువు అయినందుకే, పొరుగువాడి హక్కు కోసం నిలబడతాననే మనిషి మాట మాత్రం ఈ రెండింటి నడుమ వినిపించడం లేదు. ఆ మాట మన సరిహద్దు జిల్లాల్లో లేనిదేమీ కాదు. అది ఎప్పుడు, ఎందువల్ల సన్నగిల్లిందో తెలిస్తే తప్ప నేటి తగాదా అర్థం కాదని నా అభిప్రాయం.

పర్లాకిమిడి కొండల్లోకి కెనడా బాప్టిస్టులు, జయపురం వైపు జర్మనీ లూథరన్లు ఎలా వచ్చారో, ఎవరు ఎందుకు మతం మారారో ఈ ప్రాంతపు పాఠకులకు తెలియనిది కాదు కనుక ఆ కథ జోలికి వెళ్లడం లేదు. అసలు మలుపు అక్కడ లేదు. అది 1999 నవంబరులో, ఒడిశా ప్రభుత్వం ఒక పాత చట్టపు నిబంధనలను సవరించిన రోజున ఉంది.

ఆ ఏడాది జనవరి 22 అర్ధరాత్రి దాటాక కెంఝర్ జిల్లా మనోహర్‌పూర్‌లో ఏం జరిగిందో దేశమంతటికీ తెలుసు. బారిపదలో కుష్ఠురోగులకు సేవ చేసే ఆస్ట్రేలియా వాసి గ్రాహం స్టెయిన్స్‌ను, పదేళ్ల ఫిలిప్‌ను, ఆరేళ్ల తిమోతిని వాళ్లు నిద్రపోతున్న బండిలోనే కాల్చి చంపారు. భార్య గ్లాడిస్ హంతకులను క్షమిస్తున్నానని చెప్పి, కుష్ఠురోగుల ఆశ్రమాన్ని వదలకుండా ఆ తరువాత కూడా కొన్నేళ్లు అక్కడే ఉండిపోయారు. తరువాతి నెలలో ముఖ్యమంత్రి మారారు. కొత్తగా వచ్చిన గిరిధర్ గమాంగ్ మన రాయగడ జిల్లా దిబిరిసింగికి చెందిన సవర ఆదివాసి. సవరల్లో ఊరికి రెండు మతాలు, ఒక్కోసారి ఇంటికి రెండు మతాలు ఉండటం ఎరిగిన మనిషి. ఆయన పదవిలో ఉండగానే, తీరాన్ని మహాతుపాను తుడిచిపెట్టిన కొద్ది వారాలకే, నవంబరులో ఆ సవరణ వచ్చింది. మత ద్వేషానికి ఒక కుటుంబం కాలిపోయిన ఏడాదిలో ప్రభుత్వం బిగించినది ద్వేషాన్ని కాదు, మతం మారేవారి మెడ చుట్టూ ఉన్న ముడిని. ఈ వైరుధ్యం గురించి అప్పట్లో మన పత్రికల్లో చర్చ జరగాల్సినంత జరగలేదు.

ఆ సవరణ ఏం చేసిందో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లక తప్పదు. 1967లో ఒడిశా మత స్వేచ్ఛా చట్టం చేసింది. పేరులో స్వేచ్ఛ ఉన్నా, అందులో ఉన్నది బలవంతంతోనో ప్రలోభంతోనో మోసంతోనో మతం మార్చేవారికి శిక్ష. మామూలుగా ఏడాది జైలు లేదా 5,000 రూపాయల వరకు జరిమానా. మారినది మైనరో స్త్రీయో దళితులో ఆదివాసులో అయితే రెండేళ్లు, 10,000 రూపాయల వరకు. స్త్రీని, దళితుణ్ణి, ఆదివాసిని మైనరు పక్కన నిలబెట్టిన ఈ వర్గీకరణలోనే వాళ్లకు సొంత బుద్ధి ఉంటుందన్న నమ్మకం శాసనకర్తలకు ఎంత ఉందో కనబడుతుంది. మతం మారడమంటే ఒకటి విడిచి మరొకటి స్వీకరించడమేనని చట్టం చెప్పింది తప్ప, ‘సొంతింటికి తిరిగి వచ్చేవారికి’, అంటే మళ్లీ హిందువులయ్యేవారికి, ఇది వర్తించదని ఎక్కడా చెప్పలేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 1972లో ఒడిశా హైకోర్టు ఈ చట్టాన్ని కొట్టివేసింది. 1977లో సుప్రీంకోర్టు దాన్ని తిరిగి నిలబెట్టి, మత ప్రచారం చేసుకునే హక్కు ఉంది కానీ అందులో మరొకరిని మతం మార్చే హక్కు కలిసిలేదని తేల్చింది. ఆ తరువాత 1989లో నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం మారదలచుకున్నవారు మేజిస్ట్రేటు ముందు ప్రకటన ఇవ్వాలి, మార్పిడి తంతు జరిపించే మతగురువు 15 రోజుల ముందే జిల్లా మేజిస్ట్రేటుకు తెలియజేయాలి. ఇంతవరకూ ఇది వ్యక్తికీ ప్రభుత్వ కచేరీకీ మధ్య వ్యవహారం.

1999 సవరణ ఈ వ్యవహారాన్ని ఊరి మధ్యకు తెచ్చింది. మేజిస్ట్రేటుకు అందిన సమాచారం ఎస్పీకి, అక్కడి నుంచి పోలీసు స్టేషనుకు వెళ్లాలి. తలపెట్టిన మార్పిడికి ఎవరికైనా అభ్యంతరం ఉందేమో స్టేషను వారు స్థానికంగా విచారించి తెలుసుకోవాలి. నా దృష్టిలో మొత్తం కథ ఈ ఒక్క మాటలో ఉంది. అంతవరకూ ఊళ్లో హిందువైన పొరుగువాడికి ఎన్నో పాత్రలు ఉండేవి. అతడు అప్పిచ్చినవాడు, పెళ్లికి పందిరి గుంజలు ఇచ్చినవాడు, తగువు తీర్చిన పెద్దమనిషి, అలిగి మాట మానేసి పండుగనాటికి మళ్లీ కలిసినవాడు. నిబంధన అతడి కోసం ఒకే పాత్రను గుర్తించింది, అభ్యంతరం చెప్పేవాడి పాత్రను. ‘నాకేమీ అభ్యంతరం లేదు, అది ఆయన మనసుకు సంబంధించిన సంగతి, ఆయనకేమైనా అయితే నేనున్నాను’ అని చెప్పదలచుకున్న హిందువు మాటకు ఆ విచారణలో విలువ లేదు. అడగనిదానికి మనుషులు జవాబు చెప్పడం మానేస్తారు. కొన్నాళ్లకు, అలాంటి జవాబు ఒకటి ఉందనే మరచిపోతారు.

మరచిపోయిన ఆ జవాబు పర్లాకిమిడిలో ఒకప్పుడు ఎలా ఉండేదో చెప్పడానికి గిడుగు రామమూర్తి కంటే మంచి ఉదాహరణ లేదు. వ్యావహారిక భాషోద్యమం పేరుతో ఆయనను తలచుకునేటప్పుడు సవరల విషయం మనం ఒక వాక్యంలో ముగిస్తాం. రాజావారి బడిలో పంతులుగా ఉన్న ఈ బ్రాహ్మణుడు సవర భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం రాసి, వాచకాలు తయారుచేసి, సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు తానే జీతాలిచ్చి సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఆయన వ్యాకరణం 1931లో అచ్చయింది. సవరలను హిందువులను చేయడానికో, క్రైస్తవులు కాకుండా ఆపడానికో ఈ పని పెట్టుకోలేదు; వాళ్ల మాట వాళ్లకు దక్కాలన్నదే ఆయన పట్టుదల. 1936లో పర్లాకిమిడి ఒడిశాలో కలిసినప్పుడు తెలుగువాళ్ల పక్షాన గట్టిగా పోరాడి, ఓడి, రాజమండ్రి వెళ్లిపోయారు. ఆయన వెళ్లిన తరువాత ఇక్కడి తెలుగు పెద్దలకు తమ భాష, తమ బడి, తమ ఓటు అనే చింతే సరిపోయిందేమో, సవరల సంగతి ఎవరూ అందుకోలేదు. మైనారిటీగా మారినవాడు మరో మైనారిటీ వైపు చూడకపోవడం వింతేమీ కాదు గానీ, మెచ్చుకోదగినదీ కాదు.

రెండో ఉదాహరణ కాషాయం కట్టిన మనిషి. స్వామి అగ్నివేశ్ అసలు పేరు వేపా శ్యామారావు. 1939లో శ్రీకాకుళంలో పుట్టి, ఇప్పటి ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న శక్తి సంస్థానంలో దివానుగా ఉన్న తాతగారి దగ్గర పెరిగారు. ఆర్యసమాజంలో చేరి 1970లో సన్యాసం తీసుకున్నారు. మతం విడిచినవారిని శుద్ధి చేసి వెనక్కి తెచ్చుకోవడం మొదలుపెట్టిన సమాజం అది. ఆ కాషాయంతోనే ఆయన 1981లో వెట్టి కూలీల విముక్తి సంఘం పెట్టారు. ఆ సంఘం వేసిన కేసులోనే 1983 డిసెంబరులో సుప్రీంకోర్టు వెట్టిచాకిరీపై ప్రధానమైన తీర్పు ఇచ్చింది. కొరాపుట్, నువాపడా వైపు నుంచి దాదన్ కూలీలుగా, అంటే ముందుగా బయానా తీసుకున్న వలస కూలీలుగా, హైదరాబాదు ఇటుక బట్టీలకు వెళ్లేవారి కేసుల్లో న్యాయవాదులు నేటికీ ఆ తీర్పునే పట్టుకుంటారు. సతికి వ్యతిరేకంగా, దళితుల ఆలయ ప్రవేశం కోసం ఆయన పాదయాత్రలు చేశారు. 2002లో గుజరాత్ అల్లర్ల తరువాత వివిధ మతాల పెద్దలను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లారు. పూరీ జగన్నాథుని గుడిలోకి అన్య మతస్థులను రానివ్వాలని అన్నప్పుడు గుడి సేవకులైన సేవాయతులు దాన్ని తీవ్రంగా ఖండించారు. ముస్లిం భక్తుడు సాలబేగ సమాధి దగ్గర ప్రతి ఏడూ రథం ఆగే వీధిలోనే ఆ గుడి ఉంది. 2018 జులైలో జార్ఖండ్‌లోని పాకుర్‌లో పహాడియా ఆదివాసుల సభకు వెళ్లినప్పుడు, ఎనభయ్యో పడిలో పడబోతున్న ఆ ముసలాయనను నేలమీద పడేసి కొట్టారు. 2020 సెప్టెంబరులో చనిపోయారు. ఆయన మాటతీరు, రాజకీయాలు అందరికీ నచ్చేవి కావు. అయినా, హిందువుననే చెప్పుకుని హిందువుల తప్పు ఎత్తిచూపిన తెలుగువాడు ఈ సరిహద్దు పక్కనే పుట్టాడన్న సంగతి మనవాళ్లలో చాలామందికి గుర్తు లేదు. ఇప్పుడు ఆ ధోరణిని 2019లో అమెరికాలో మొదలైన హిందూస్ ఫర్ హ్యూమన్ రైట్స్ వంటి సంస్థలు కొనసాగిస్తున్నాయి. దూరాన ఉండి మాట్లాడటం తేలికని వాళ్లను ఎద్దేవా చేసేవారు ఉన్నారు. అందులో కొంత నిజముంది. రాయగడ జిల్లా బిసంకటక్‌లో ఉండి ఆ మాట అనడం నిజంగానే కష్టం.

ఎంత కష్టమో 2008 చూపించింది. ఆగస్టు 23న కంధమాల్‌లోని జలేస్‌పట ఆశ్రమంలో విశ్వహిందూ పరిషత్ నాయకుడు స్వామి లక్ష్మణానంద సరస్వతినీ మరో నలుగురినీ కాల్చి చంపారు. మావోయిస్టులు తామే చేశామన్నా, వారాల తరబడి పగ తీర్చుకున్నది క్రైస్తవుల ఇళ్ల మీద. ఆ మంటలు గజపతి, రాయగడ జిల్లాలను కూడా తాకాయి. బర్గఢ్ జిల్లాలో ఒక అనాథాశ్రమానికి నిప్పు పెట్టినప్పుడు మంటల్లో చనిపోయిన యువతి హిందువు. అక్కడి పిల్లలను చూసుకుంటూ ఉండేది. 2016లో సుప్రీంకోర్టు పరిహారం పెంచుతూ, నమోదైన 827 కేసుల్లో 315 కేసులను నేరస్థుల జాడ తేలలేదనో ఆధారాలు లేవనో పోలీసులు మూసేసిన తీరును తప్పుపట్టి, మళ్లీ పరిశీలించమంది. మతం మారేవాడి గురించి గడప గడపా తిరిగి విచారించమని చెప్పిన వ్యవస్థే, ఇల్లు తగలబెట్టినవాడి విషయంలో సాక్షి దొరకలేదంది.

అభ్యంతరం చెప్పేవారి మాటలోనూ పస ఉంది. ఊరి పూజకు చందా ఇవ్వనన్నవాడు ఊరి కర్మకాండలో తోడు ఎలా అడుగుతాడన్న ప్రశ్న ద్వేషంలోంచే పుట్టిందనలేం. సవరలు శవాన్ని దహనం చేసి, తరువాత చనిపోయినవారి పేర రాయి నిలుపుతారు. పూడ్చడానికి శాశ్వతంగా కొంత జాగా కావాలి, ఆ జాగా ఊరుమ్మడిది. షెడ్యూల్డు ప్రాంతాల్లో ఆచారాలను కాపాడుకునే అధికారం గ్రామసభకు 1996 నాటి పెసా చట్టం ఇచ్చింది కూడా. అయితే ఆ ఆచారం పేరు చెప్పి శవాన్ని ఆపుతున్నవారిలో ఎందరు ఆ ఊరి సభలో కూర్చున్నవారో, ఎందరు బయటి నుంచి బండ్ల మీద వచ్చినవారో కూడా అడగాల్సి ఉంటుంది.

జయపురం నుంచి జగ్దల్‌పూర్ దాటి వెళితే వచ్చే దర్భా ప్రాంతంలో, ఛిందావాడా అనే ఊళ్లో, 2025 జనవరిలో చనిపోయిన ఒక పాస్టరు శవం దాదాపు మూడు వారాలు ఆసుపత్రి శవాగారంలో ఉండిపోయింది. సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు రెండు దారులు పట్టారు. కుటుంబపు సొంత భూమిలో పూడ్చుకోనివ్వాలని జస్టిస్ నాగరత్న, క్రైస్తవులకు కేటాయించిన శ్మశానంలోనే పూడ్చాలని జస్టిస్ సతీశ్‌చంద్ర శర్మ అన్నారు. శవాన్ని ఇంకా ఆపడం ఇష్టం లేక ఇరువై కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న శ్మశానానికి తీసుకెళ్లమని ఇద్దరూ కలిసి ఆదేశించారు. నవరంగపూర్‌లో ఇప్పుడు ఇరుపక్షాలూ ఆ తీర్పులో తమకు కావలసిన సగాన్ని చదువుతున్నాయి.

నిబంధన సంగతికి వస్తే, హిమాచల్ ప్రదేశ్ 2006 చట్టంలో 30 రోజుల ముందస్తు నోటీసు ఉండేది. తన విశ్వాసం మారిందని ముందుగా ప్రభుత్వానికి చెప్పమనడం అంతరాత్మలోకీ ఏకాంతంలోకీ చొరబడటమేనని 2012 ఆగస్టులో ఆ రాష్ట్ర హైకోర్టు దాన్ని కొట్టేసింది. 2019లో ఆ రాష్ట్రం కొత్త చట్టం చేసి అదే నోటీసును తిరిగి తెచ్చుకుంది. ఒడిశాలో 15 రోజుల నోటీసు, దాని వెనుక పోలీసు స్టేషను వారి స్థానిక విచారణ కాగితం మీద ఇప్పటికీ అలాగే ఉన్నాయి. అందులో పొరుగువాణ్ణి అడగాల్సిన ప్రశ్న కూడా 1999లో రాసినదే.