మిరపకాయ బజ్జీల తర్వాత విస్కీ

విస్కీని పెగ్గు మీద పెగ్గు కొట్టకుండా నిదానంగా వాసన చూసి, చప్పరించి, దేనికి దానికి తేడా కనిపెడదామని మొన్న చలికాలంలో కడపలో మా మిద్దె మీద ఐదుగురు స్నేహితులను కూర్చోబెట్టాను. మూడు రకాలు, మనిషికి ఒక్కోటి 15 మిల్లీలీటర్లు, అంటే అన్నీ కలిపినా ఒక లార్జ్ కూడా కాదు. "ఏందన్నా, తీర్థం ఇస్తాండావా?" అన్నాడొకడు.

తప్పు నాదే. రాగానే వేడివేడి మిరపకాయ బజ్జీలు పెట్టాను, పక్కన ఎర్రకారం కూడా. మొదటి గుక్కకి అందరిదీ ఒకటే మాట: మంట. రెండో రకానికి? ఇంకా మంట.

మంట అసలు రుచే కాదు. నోట్లోని నరాల్లో టీఆర్‌పీవీ1 అనే ప్రోటీన్ ఉంటుంది, వేడి 42 డిగ్రీలు దాటితే అలారం కొట్టడం దాని పని. మిరపకాయలోని క్యాప్సైసిన్ ఏ వేడీ లేకుండానే దాన్ని మోగిస్తుంది. ఆల్కహాల్ చేసేది ఇంకా చిత్రం, మోగాల్సిన హద్దునే 42 నుంచి 34 దగ్గరికి దించేస్తుందని 2002లో తేలింది. మన ఒంటి వేడి 37. అంటే విస్కీ దిగేటప్పుడు గొంతులో మండుతున్నది మన ఒంటి వేడే! బజ్జీలతో అప్పటికే మోగుతున్న అలారం మీద ఇంకో అలారం మోగిస్తే ఇక రుచేం తెలుస్తుంది? పెరుగన్నం పెట్టి గంటసేపు గమ్మున కూర్చోబెట్టాను.

రెండోసారి ముక్కు మూసుకుని చప్పరించమన్నాను. కాస్త తీపి, కాస్త చేదు, మంట, అంతే. మింగి ముక్కు వదలగానే గొంతు వెనక నుంచి వాసనలన్నీ ఒక్కసారిగా ఎక్కాయి. నాలుకకు తెలిసే రుచులు ఐదే, ముక్కులో వాసన పట్టే గ్రాహకాలు దాదాపు 400 రకాలు. అందుకే గ్లాసు కూడా చెంబులాగా కింద లావుగా, మూతి సన్నగా ఉంటే మంచిది, వాసన చెదిరిపోదు. మా ఇంట్లో ఉన్నవి టీ గ్లాసులు, సాసర్లు మూతపెట్టి సర్దుకున్నాం.

పులివెందుల నుంచి వచ్చినవాడికి అరటితోట ఉంది. ఒకదాన్ని వాసన చూసి "మాగిన అరటిపండు" అన్నాడు, మిగతావాళ్ళు పడీపడీ నవ్వారు. కానీ వాడిదే కరెక్ట్. ధాన్యం పులిసేటప్పుడు ఈస్ట్ తయారుచేసే ఐసోఅమైల్ ఎసిటేట్, అరటిపండుకు ఆ వాసన ఇచ్చే పదార్థం ఒకటే. టెంకాయ, వెనీలా వాసనలేమో ఓక్ చెక్క పీపా నుంచి వస్తాయి. స్కాచ్ అనిపించుకోవాలంటే అందులో కనీసం 3 ఏళ్ళు ఉండాలి. ఆ పీపాలోంచి స్కాట్లండ్ చలికి ఏడాదికి 2 శాతం ఆవిరైపోతే, బెంగళూరులో 10 శాతం దాకా పోతుంది. కడప ఎండలకు పెడితే ఏం మిగులుతుందో మరి.

చివరిది స్కాట్లండ్‌లోని ఐలా దీవిది. బార్లీని పీట్ పొగతో ఆరబెడతారు, పీట్ అంటే బురదనేలల్లో వేల ఏళ్ళు మగ్గిన మొక్కల మట్టి. "ఆసుపత్రి వరండాన్నా ఇది," అన్నారు. నిజమే, ఆ పొగలో ఉండేవి ఫినాల్ జాతి పదార్థాలు, ఫినాయిల్ వాసన కూడా ఆ జాతిదే. నాలుగు చుక్కలు నీళ్ళు వేయించాను, పొగ వాసన ఇంకా పైకి తేలింది. స్వీడన్‌లో కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ 2017లో దీన్ని కంప్యూటర్ మీద లెక్కగట్టి చూపించారు: ఆల్కహాల్ 45 శాతం లోపుంటే పొగ వాసనిచ్చే గ్వయకాల్ పైపొర దగ్గరే ఉంటుంది, 59 దాటితే ఆల్కహాల్ చుట్టుముట్టి లోపలికి లాక్కుంటుంది. గ్లాసు నిండా సోడా కొట్టేవాళ్ళు దీన్ని సాకు చేసుకోవద్దు, నేను చెప్పింది చుక్కల సంగతి.

పొద్దున గ్లాసులు కడగబోతూ ఒకటి వాసన చూశాను. ఆల్కహాల్ ఎగిరిపోయి, తొందరగా ఆవిరికాని బరువైన పదార్థాలే అడుగున మిగులుతాయి కాబట్టి ఎండిన గ్లాసులో వాసన ఇంకా బాగా తెలుస్తుంది. మా ఆవిడ చేతిలోంచి లాక్కుని తానూ చూసి, "కాలిన బెల్లంపాకం, ఇదేనా మీరు రాత్రంతా వెతికింది?" అంది.