గొంతు చించుకుంటే పాట రాదు: పాట నేర్పే టీచరుగా నేను రోజూ వినే అపోహలు

నల్గొండలో ఇరవై ఏళ్లుగా పాట నేర్పుతున్నాను. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా మా ముందు గదిలో శ్రుతిపెట్టె మోగుతూనే ఉంటుంది. సరళీ స్వరాలు మొదలుపెట్టిన ఏడేళ్ల పిల్లలు వస్తారు, భజన మండలిలో పాడే పెద్దమనుషులు వస్తారు, బడిలో రోజంతా పాఠాలు చెప్పి గొంతు పోయిన టీచర్లు వస్తారు. రాగం, తాళం గురించి ఏమీ తెలియదని చెప్పేవాళ్లు కూడా గొంతు గురించి మాత్రం గట్టి నమ్మకాలతో వస్తారు. వాటిలో కొన్నింటి వల్ల పెద్ద నష్టం లేదు. కొన్ని మాత్రం గొంతునే పాడు చేస్తాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే మాటలన్నీ ఒకచోట రాస్తే బాగుంటుందనిపించింది.

ముందు ఒక చిన్న పని చేయండి. మెడ ముందు భాగంలో వేళ్లు ఆనించి "స్‌స్‌స్" అనండి. ఏమీ తెలియదు. ఇప్పుడు "జ్‌జ్‌జ్" అనండి. వేళ్ల కింద జుమ్మని కదలిక తెలుస్తుంది. అదే స్వరపేటిక. అందులో ఉండేవాటిని స్వరతంత్రులు అంటాం. ఆ పేరు విని చాలామంది వీణ తీగల్లాంటివి ఊహించుకుంటారు. నిజానికి అవి కండరం మీద పల్చటి తడి పొర కప్పుకున్న రెండు మడతలు, చూడ్డానికి చిన్న పెదవుల్లా ఉంటాయి. పొడవు సుమారు ఒకటి నుంచి రెండు సెంటీమీటర్లు, అంతే. ఊపిరి వాటి మధ్య నుంచి పైకి వస్తుంటే అవి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఐదున్నర శ్రుతిలో, అంటే హార్మోనియం ఐదో తెల్ల మెట్టు పక్కనున్న నల్ల మెట్టును "స"గా పెట్టుకొని పాడే అమ్మాయి మధ్యస్థాయి షడ్జమం (ఆ "స") పట్టుకుంటే అవి సెకనుకు దాదాపు 208 సార్లు తాకి విడిపోతాయి. తారషడ్జమంలో, అంటే పై "స"లో అయితే 415 సార్లు. అంటే కింది షడ్జమమే ఒక్క నిమిషం పట్టుకున్నా పన్నెండు వేలకు పైగా తాకిళ్లు. ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే కింద రాసేదంతా సులువుగా అర్థమవుతుంది.

అపోహ: గొంతు చిట్లేదాకా సాధిస్తేనే పాట వస్తుంది

అన్నింటికంటే నాకు భయం వేసేది ఈ మాటంటేనే, ఎందుకంటే నేను దీన్ని నమ్మి నష్టపోయాను. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్లు. పోటీకి రెండు వారాలుందనగా, అప్పట్లో నాకు నేర్పుతున్న పెద్దాయన "గొంతు మండాలమ్మా, మండితేనే తెరుచుకుంటది" అన్నారు. చలికాలం, తెల్లవారుజామున నాలుగింటికి డాబా ఎక్కి పైస్థాయిలో రోజూ మూడు గంటలు పాడాను. వారానికే గొంతు బొంగురుపోయింది. సాధన ఫలిస్తోందనుకుని ఇంకా గట్టిగా పాడాను. పోటీ రోజు పై పంచమం దగ్గర గాలి తప్ప స్వరం రాలేదు. మూడు నెలలైనా గొంతు తిరిగి రాకపోతే హైదరాబాద్‌లో చెవి, ముక్కు, గొంతు డాక్టరుకు చూపించారు. కెమెరాలో నా స్వరతంత్రులు చూడటం అదే మొదటిసారి. రెండింటి మీదా, సరిగ్గా ఎదురెదురుగా, చిన్న తెల్లటి బుడిపెలు. నాడ్యూల్స్ అన్నారు.

గడ్డపార పట్టినవాళ్ల అరచేతుల్లో కాయలు కాస్తాయి కదా, ఇవీ అలాంటివే. రెండు మడతలూ ఎక్కడ ఎక్కువ జోరుగా కొట్టుకుంటాయో అక్కడే వస్తాయి. చేతికి కాయ కాస్తే పని ఆగదు. ఇక్కడ కాస్తే మడతలు పూర్తిగా మూసుకోవు, సందులోంచి గాలి పోతుంది. అందుకే గొంతు బొంగురుగా వస్తుంది, పైస్వరాలు ముందు పోతాయి. అదృష్టం ఏమిటంటే మొదట్లోనే గుర్తిస్తే చాలావరకు ఆపరేషన్ లేకుండా, స్పీచ్ థెరపీతోనే తగ్గిపోతాయి. నాకూ తగ్గాయి, కాకపోతే పది నెలలు పట్టింది.

మెడలోతు నీళ్లలో నిలబడి సాధన చేసిన పాత నాటక కళాకారుల గురించి, హరిదాసుల గురించి పెద్దలు చెబుతుంటారు. వాళ్ల పట్టుదలకు దండం పెడతాను. అయితే ఆ నీళ్లు గొంతుకు చేసేదేమీ లేదు. నీటి ఒత్తిడి ఛాతీ మీద, పొట్ట మీద పడి ఊపిరి తీయడం కాస్త కష్టమవుతుంది, అంతవరకే. ఊపిరికి కసరత్తు కావాలంటే అంతకంటే సులువైన దారులున్నాయి.

నా పిల్లలకు నేను పెట్టిన నియమం ఇది: ఇరవై నిమిషాలు పాడండి, ఆగండి, మళ్లీ సాయంత్రం ఇరవై నిమిషాలు. గొంతులో మంట, గరగర, నిన్న పలికిన పైస్వరం ఇవాళ ఆలస్యంగా పలకడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకు పాట బంద్. కూర్చుని పాఠం వినండి, తాళం వేయండి, సాహిత్యం కంఠతా పట్టండి. అదీ సాధనే.

పాడేముందు మా క్లాసులో అందరూ చేసేది ఒకటుంది. సగం గ్లాసు నీళ్లలో స్ట్రా రెండు వేళ్ల లోతు ముంచి, పెదవులు స్ట్రా చుట్టూ గట్టిగా మూసి, బుడగలు వచ్చేలా "ఊ" అంటూ కింది షడ్జమం నుంచి పైకి, పైనుంచి కిందికి జారాలి. పిల్లలకు ఆటలా ఉంటుంది. లోపల జరిగేది వేరు. నీళ్లు అడ్డుపడటం వల్ల నోట్లో గాలి ఒత్తిడి పెరిగి, మడతలు ఒకదాన్నొకటి గట్టిగా కొట్టుకోకుండా కాస్త ఎడంగా ఉంచుతుంది. ఐదు నిమిషాలు చాలు. బడి టీచర్లకు కూడా పొద్దున ఇది చేసి క్లాసుకు వెళ్లమని చెబుతాను.

అపోహ: తేనె, మిరియాలు, పటికబెల్లం, పచ్చిగుడ్డు గొంతును శుభ్రం చేస్తాయి

అన్నం తింటూ మాట్లాడితే పొలమారుతుంది. "ఎవరో తలుచుకుంటున్నారు" అని నెత్తి మీద తడతారు. ఆ దగ్గు ఎందుకొస్తుంది? ఒక మెతుకు దారి తప్పి స్వరపేటిక వైపు పోయింది కాబట్టి. మనం మింగేది ఏదైనా అన్నవాహికలోకే పోవాలి. మింగే క్షణంలో స్వరపేటిక పైకి లేస్తుంది, దాని మీద మూతలాంటి రేకు వాలుతుంది, స్వరతంత్రులు కూడా మూసుకుంటాయి. తేనె నిజంగా స్వరతంత్రులకు తగిలితే తీయగా ఉండదు, ఊపిరాడక దగ్గుతారు.

మరి తేనె తాగితే హాయిగా ఎందుకుంటుంది? గొంతు వెనక భాగం తడిసి గరగర తగ్గుతుంది. అది మంచిదే, తాగండి. దాంతో పాట బాగుపడుతుందని మాత్రం అనుకోవద్దు. నీళ్లు కూడా అంతే: ఇప్పుడు తాగిన గుక్క నేరుగా స్వరతంత్రులను తడపదు, ఒంట్లో చేరి నెమ్మదిగా ఆ పొరను తడిగా ఉంచుతుంది. అందుకే కచేరీకి ఐదు నిమిషాల ముందు లీటరు నీళ్లు తాగి లాభం లేదు, పొద్దున్నుంచి తాగుతూ రావాలి. మన ఎండల్లో మరీ ముఖ్యం. నేరుగా మడతలకు తగిలేది పీల్చే గాలి ఒక్కటే. ఆవిరి పడితే హాయిగా ఉండేది అందుకే. బీడీ పొగ, జిన్నింగ్ మిల్లు దుమ్ము హాని చేసేదీ అందుకే.

చల్లటి నీళ్లు, పెరుగు, ఐస్‌క్రీం గురించి తల్లులు చాలా టెన్షన్ పడతారు. చల్లటిది తిన్న వెంటనే పాడితే కొందరికి గొంతు బిగుసుకున్నట్టు ఉంటుంది, అలాంటివాళ్లు మానేయండి. మిగతావాళ్లకు పెరుగన్నం వల్ల స్వరం పోదు. అసలు తిండి వల్ల గొంతు దెబ్బతినేది అది కిందికి పోయేటప్పుడు కాదు, పైకి వచ్చేటప్పుడు. రాత్రి పదిన్నరకు కారంగా తిని వెంటనే పడుకుంటే కడుపులోని పుల్లటి రసం పైకి ఎగదన్ని స్వరపేటిక దాకా రావచ్చు. పొద్దున లేవగానే గొంతు బొంగురు, మాటిమాటికీ గొంతు సవరించుకోవాలనిపించడం, గొంతులో ఏదో అడ్డుపడ్డట్టు ఉండటం దాని గుర్తులు. తేనె సీసా కంటే ముందు రాత్రి భోజనం టైం మార్చి చూడండి.

అపోహ: మగపిల్లలకు గొంతు మారేటప్పుడు పాట మాన్పించాలి

పోయినేడాది ఒక అమ్మ తన పదమూడేళ్ల కొడుకును వెంటబెట్టుకొని వచ్చింది. "మేడం, మావోని గొంతు ఖరాబైంది. రెండేండ్లు ఆపుతం, మళ్ల తోలిస్తం" అంది. పిల్లవాడు తల వంచుకొని నిలబడ్డాడు. అంతకుముందు ఏడాది బడి వార్షికోత్సవంలో చప్పట్లు కొట్టించుకున్న గొంతు అది. ఇప్పుడు నోరు తెరిస్తే మధ్యలో విరుగుతోంది.

ఆ వయసులో స్వరపేటిక పెరుగుతుంది, మడతలు పొడవై మందం అవుతాయి, గొంతు దాదాపు ఒక స్థాయి ("స" నుంచి పై "స" దాకా ఉన్నంత దూరం) కిందికి దిగుతుంది. నిన్నటిదాకా వేసుకున్న చెప్పు ఇవాళ పట్టనట్టు, పాత అలవాటుతో కండరాలను బిగిస్తే స్వరం తప్పుతుంది. అది జబ్బు కాదు. ఆడపిల్లలకూ ఆ వయసులో గొంతు రెండు మూడు అర్ధస్వరాలు (నల్లవీ కలిపి హార్మోనియంలో రెండు మూడు మెట్లు) దిగుతుంది, కొన్నాళ్లు గాలి కలిసినట్టు పలుకుతుంది. ఆ సంగతి ఎవరూ చెప్పరు కాబట్టి పాపం తమ గొంతు పాడైందనుకుంటారు.

ఆ అబ్బాయిని మానిపించనివ్వలేదు. శ్రుతి ఐదున్నర నుంచి దించుతూ వచ్చాను. మొదట మూడు నెలలు ఐదారు స్వరాల మేరలోనే పాడించాను, తారస్థాయి జోలికి పోలేదు. గట్టిగా పాడొద్దన్నాను. ఇప్పుడు ఒకటిన్నరలో పాడుతున్నాడు, కింది మంద్రం ఎంత చక్కగా వస్తోందో! ఆ రెండేళ్లు మానేసి ఉంటే తన కొత్త గొంతు తనకే పరాయిదయ్యేది.

అపోహ: ఆడవాళ్లకు ఐదున్నర, మగవాళ్లకు ఒకటి, శ్రుతి అంతే

ఇవి ఒక అంచనా కోసం చెప్పే లెక్కలు. మనిషికో శ్రుతి ఉంటుంది, అదే మనిషికి యాభై ఏళ్లు దాటాక మారుతుంది కూడా. ఊళ్లలో భజనకు హార్మోనియం వాయించే ఆయన ఏ మెట్టు పట్టుకుంటే అందరూ అదే పట్టుకోవాలి. అందనివాళ్లు అరుస్తారు. బతుకమ్మ దగ్గర ఇంకో చిక్కు. ఒకప్పుడు ఒకామె పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు ఆమె గొంతు విని అందుకునేవాళ్లు, చప్పట్లే తాళం. ఇప్పుడు పక్కన డీజే పెడుతున్నారు. చుట్టూ మోత ఉంటే మనిషి తనకు తెలియకుండానే గొంతు పెంచుతాడు. 1911లో లొంబార్డ్ అనే ఫ్రెంచి డాక్టర్ దీన్ని రాసిపెట్టాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో పనిచేసేవాళ్లు ఇంటికి వచ్చాక కూడా గట్టిగా మాట్లాడేది ఈ అలవాటు వల్లే. ఎంగిలిపూల నాడు మొదలుపెట్టి సద్దుల నాటికి తొమ్మిది రోజులు ఆ మోత మీద పాడితే, మర్నాడు సగం మంది అక్కలకు మాట పెగలదు. నా విన్నపం ఒక్కటే: పాడేవాళ్లు పాడేటప్పుడైనా ఆ డబ్బాలు ఆపించండి.

గొంతు పోయాక గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి అనుకుంటారు. చాలామంది గుసగుసలో స్వరపేటికను మామూలు కంటే ఎక్కువ బిగిస్తారు. దానికంటే మౌనం మేలు. తప్పనిసరైతే మెల్లగా, మామూలు గొంతుతో రెండు మాటలు.

"డయాఫ్రం బిగించి పాడు" అనే మాటా ఎక్కువైంది. డయాఫ్రం ఊపిరి లోపలికి పీల్చే కండరం. పాడేటప్పుడు గాలి బయటికి పోతుంటుంది, దాన్ని ఒకేసారి పోనీయకుండా పక్కటెముకలు, పొట్ట కండరాలు కలిసి పట్టుకోవాలి. పొట్టను రాయిలా బిగిస్తే మెడ కూడా బిగుస్తుంది. నడుము పక్కల చేతులు పెట్టుకొని, పీల్చినప్పుడు అవి వెడల్పు కావడం గమనిస్తే చాలు.

అపోహ: నాకు గొంతు లేదు

స్వరాల తేడాను పుట్టుకతోనే పోల్చుకోలేనివాళ్లు నిజంగా ఉంటారు, కానీ చాలా అరుదు. మిగతావాళ్లకు వినడానికీ పలకడానికీ మధ్య దారి ఇంకా పడలేదు, అంతే. అలాంటివాళ్లతో శ్రుతిపెట్టె కట్టేసి కూర్చుంటాను. "ఏదో ఒకటి అనండి" అంటాను. వాళ్లు అన్న స్వరాన్ని నేనే అందుకొని పలుకుతాను. రెండు గొంతులు కలిసినప్పుడు గదిలో వచ్చే నిండుదనాన్ని వాళ్లు జీవితంలో మొదటిసారి వింటారు. అప్పుడు నేను అర్ధస్వరం జరుగుతాను, వాళ్లు వెతుక్కుంటూ వస్తారు. నెలకు నాలుగు స్వరాలు, ఆరు నెలలకు ఒక స్థాయి.

మరికొందరు బొంగురు గొంతని సిగ్గుపడతారు. పుట్టుకతో వచ్చిన గొంతు రంగు వేరు, దెబ్బతిన్న గొంతు వేరు. పన్నెండు మెట్ల కిన్నెర మీటుతూ కథలు పాడి 2022లో పద్మశ్రీ అందుకున్న మన పాలమూరు దర్శనం మొగులయ్య గారి పాట వినండి. ఆ పాటకు సినిమా గొంతు అక్కర్లేదు. ఫోన్‌లో రికార్డు చేసుకొని విని "ఇది నా గొంతు కాదు" అనుకునేవాళ్లకూ ఒక మాట. మీ గొంతు మీకు గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల్లోంచి కూడా వినిపిస్తుంది, అందుకే లోపల గంభీరంగా ఉంటుంది. ఫోన్‌లో వినిపించేదే మిగతావాళ్లు ఇన్నాళ్లూ విన్నది.

అయితే నిన్నటిదాకా బాగున్న గొంతు ఉన్నట్టుండి బొంగురుపోయి మూడు వారాలు దాటినా తగ్గకపోతే నా దగ్గరికి రావద్దు, ముందు చెవి, ముక్కు, గొంతు డాక్టరు దగ్గరికి వెళ్లండి. బీడీ, సిగరెట్, గుట్కా అలవాటున్నవాళ్లు, రక్తం పడుతున్నవాళ్లు, మింగడం కష్టమవుతున్నవాళ్లు అన్నాళ్లు కూడా ఆగొద్దు. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే పాట మాస్టారు పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని నోట్లో పెట్టుకొని, ఎండను అందులోకి మళ్లించి, తన స్వరతంత్రులను తానే చూసుకున్నాడు. ఇప్పుడు ఆ పని కెమెరాతో కొన్ని నిమిషాల్లో అయిపోతుంది, నొప్పి ఉండదు, కాస్త వికారం అనిపించవచ్చు. ఆ వీడియో, రిపోర్టు తీసుకొని రండి. ఏ స్వరం దగ్గర మొదలుపెట్టాలో, ఏ స్వరం జోలికి పోకూడదో చూసి, అక్కడి నుంచి పాఠం చెబుతాను.