కుకీల పేచీ: 1997లో పక్కన పెట్టిన ఒక్క నిబంధన

కుకీ అంటే సైటు మన బ్రౌజర్‌లో దాచే చిన్న సమాచారపు ముక్క. దానికి ఒప్పుకోమంటూ వెబ్‌సైట్లలో అడ్డొచ్చే పట్టీల గొడవ మళ్లీ రాజుకుంది. మన ఇష్టాయిష్టాలను బ్రౌజరే ఒకసారి నమోదు చేసుకుని సైట్లకు సంకేతంగా పంపాలని యూరోపియన్ కమిషన్ 2025 నవంబరులో ప్రతిపాదించింది. కొత్త ఆలోచన అంటున్నారు గానీ, కాపలా బ్రౌజరుదేనన్న మాట 1997 నాటిది.

1994లో బ్రౌజర్ కంపెనీ నెట్‌స్కేప్‌లో ఇంజినీరు లూ మాంటుల్లి కుకీ తయారుచేసిన కథ అందరికీ తెలిసిందే. అసలు మలుపు 1997 ఫిబ్రవరిలో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2109 అనే సాంకేతిక పత్రం. ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ కోసం బెల్ ల్యాబ్స్‌కు చెందిన డేవిడ్ క్రిస్టల్, మాంటుల్లి కలిసి రాశారు దీన్ని. అప్పటికే వాళ్లు ఒక లొసుగు గమనించారు. మీరు ఒక వార్తల సైటు తెరిచారు. ఆ పేజీలో ప్రకటన బొమ్మ ఉంది, అది వచ్చేది వేరే కంపెనీ సర్వర్ నుంచి. బొమ్మతో పాటు ఆ సర్వర్ ఒక గుర్తింపు సంఖ్యను మీ బ్రౌజర్‌లో కుకీగా పెడుతుంది. రేపు మందుల సైటుకు వెళ్తే, అక్కడా అదే కంపెనీ ప్రకటన ఉంటే, బ్రౌజర్ ఆ సంఖ్యను తిరిగి అప్పజెబుతుంది. ఏ పేజీ నుంచి అడుగుతున్నదీ అభ్యర్థనతో పాటు వెళ్లే రెఫరర్ అనే హెడర్ (సమాచార వరుస) చెప్పేస్తుంది. మీ పేరు తెలియకపోయినా మీ నడక మొత్తం తెలుస్తుంది. బొమ్మ కనబడాల్సిన పనీ లేదు, ఒక్క పిక్సెల్, అంటే తెర మీది ఒక చుక్క చాలు.

అందుకే ఆ పత్రం తేల్చి చెప్పింది: వాడేవారు స్వయంగా ఎంచుకోని ఇలాంటి లావాదేవీల్లో వేరే డొమైన్ (సైటు చిరునామా) కుకీలను బ్రౌజర్ అనుమతించకూడదు. అనుమతించే సెట్టింగు పెట్టుకోవచ్చు, కానీ డిఫాల్ట్‌గా అది ఆఫ్‌లో ఉండాలి. నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ రెండూ ఆన్‌లోనే ఉంచాయి. ఉచిత సైట్లు బతికేది ప్రకటనలతోనేనని ఆ రంగం వాదన. 2000లో ఆర్‌ఎఫ్‌సీ 2965 అదే నిబంధనను మళ్లీ చెప్పినా ఎవరూ వినలేదు. 2011 నాటి ఆర్‌ఎఫ్‌సీ 6265 చేతులెత్తేసి, నిర్ణయాన్ని బ్రౌజర్లకే వదిలేసింది.

బ్రౌజర్ చేయని పని చట్టం నెత్తిన పడింది. యూరప్ 2009లో ఈ-ప్రైవసీ ఆదేశాన్ని సవరించి, కుకీ పెట్టే ముందు సమ్మతి అడగమంది. అడిగే బాధ్యత సైట్లపై పడి, పట్టీలు పుట్టుకొచ్చాయి. ముందే టిక్ పెట్టిన గడి సమ్మతి కాదని యూరప్ అత్యున్నత న్యాయస్థానం 2019లో ప్లానెట్49 అనే ఆన్‌లైన్ లాటరీ సంస్థ కేసులో తేల్చాల్సి వచ్చింది. ఒప్పుకోవడానికి ఒక్క నొక్కు, వద్దనడానికి పలు నొక్కులు పెట్టినందుకు ఫ్రాన్స్ నియంత్రణ సంస్థ సీఎన్ఐఎల్ 2022 జనవరిలో గూగుల్‌కు 15 కోట్ల యూరోలు, ఫేస్‌బుక్‌కు 6 కోట్ల యూరోలు జరిమానా ప్రకటించింది.

బ్రౌజర్ సంకేతాన్ని ఇదివరకే ఒకసారి ప్రయత్నించారు. ‘డు నాట్ ట్రాక్’ (నా జాడ తీయొద్దు) అంటే ప్రతి అభ్యర్థనతో వెళ్లే ఒకే ఒక్క హెడర్ లైను. 2012లో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 10 దాన్ని డిఫాల్ట్‌గా ఆన్ చేస్తే, అది వినియోగదారు ఎంపిక కాదు కనుక పట్టించుకోనక్కర్లేదని ప్రకటనల కంపెనీలు అన్నాయి. పదిహేనేళ్లుగా డిఫాల్ట్ నీడన బతికినవారి నోట ఆ మాట! చట్టం దన్ను లేక ఆ సంకేతం వాడిపోయింది. కాలిఫోర్నియాలో మాత్రం నా సమాచారం అమ్మొద్దని బ్రౌజర్ చెప్పే ‘గ్లోబల్ ప్రైవసీ కంట్రోల్’ సంకేతానికి చట్టబలం ఉంది. దాన్ని లెక్కచేయకపోవడం కూడా ఆరోపణల్లో ఒకటైన కేసులో సౌందర్య సాధనాల దుకాణ సంస్థ సెఫోరా 2022లో 12 లక్షల డాలర్లు కట్టింది.

యాపిల్ బ్రౌజర్ సఫారీ 2020 నుంచి థర్డ్ పార్టీ కుకీలను, అంటే మనం తెరిచిన సైటువి కాని ఇతరుల కుకీలను, పూర్తిగా ఆపేసింది. రెండేళ్లలో తీసేస్తామని అదే ఏడాది చెప్పిన గూగుల్ బ్రౌజర్ క్రోమ్, వాయిదాల మీద వాయిదాలు వేసి 2024 జులైలో ఆ ఆలోచనే మానుకుంది.

ఇప్పటి యూరప్ ప్రతిపాదన సంకేతాన్ని గౌరవించడం తప్పనిసరి అంటూనే, వార్తా మాధ్యమాలకు మినహాయింపు ఇస్తోంది. ప్రకటనల పిక్సెళ్లు కిక్కిరిసి ఉండేది ఆ పేజీల్లోనే.