గ్రూపులో వచ్చిందంటే నిజమేనా? పిల్లలకు ఒక ఉత్తరం

పిల్లలూ,

మొన్న మీలో ఒకరు "తాతయ్యా, వాట్సాప్ గ్రూపులో ఒకే వీడియోని అంతమంది పంపుతున్నారు కదా, అబద్ధమెందుకవుతుంది?" అని అడిగారు. అప్పటికప్పుడు సరైన జవాబు చెప్పలేకపోయాను, అందుకే ఈ ఉత్తరం.

2018లో మన జోగులాంబ గద్వాల, వనపర్తి పల్లెల్లో ఏం జరిగిందో చెప్తాను. ఎండాకాలం రాత్రుళ్లు వాకిట్లో మంచాలేసుకుని పడుకోవడం మనకు అలవాటే కదా, ఆ ఏడు మాత్రం చీకటి పడగానే తలుపులు మూసేసుకున్నారు. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని ఫోన్ల నిండా వీడియోలు, ఫోటోలు. అందులో ఒకటి, ఇద్దరు మనుషులు బైకు మీద వచ్చి ఆడుకుంటున్న పిల్లాణ్ణి లాక్కుపోయేది, నాకూ వచ్చింది, చూసి ఆ రాత్రి నిద్రపోలేదు. తర్వాత తెలిసింది, అది పాకిస్తాన్‌లోని కరాచీలో పిల్లల్ని జాగ్రత్తగా చూసుకోండని చెప్పడానికి తీసిన వీడియో. చివర్లో ఆ ఇద్దరూ పిల్లాణ్ణి తిరిగి తెచ్చి దింపి, ఒక అట్టముక్క మీద రాసింది చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కత్తిరించేసి పంపారు, అంతే, బుద్ధి చెప్పే వీడియో భయపెట్టే వీడియో అయిపోయింది.

అప్పుడు ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు పోలీసుల్ని ఊరూరికీ పంపారు. సుమారు 400 ఊళ్లు. డప్పు కొట్టించారు, కళాకారులతో పాటలు పాడించారు, కొత్తవాళ్లు కనిపిస్తే చేయి చేసుకోకుండా మాకు చెప్పండని ఇళ్లకు వెళ్లి మరీ చెప్పారు, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో తామూ చేరారు. వినడానికి చిన్న పనే, కానీ నా దృష్టిలో చాలా పెద్దది, ఎందుకంటే ఫోను చెప్పినదాన్ని కాదనడానికి కళ్లెదుట మనిషి కావాలి, అందులోనూ మనకు తెలిసిన మనిషైతేనే నమ్ముతాం. ఆ ఊళ్లలో ఈ పుకారు వల్ల ఒక్క ప్రాణం పోలేదు.

అదే ఏడాది జూలైలో మనకు దూరం కాని బీదర్ జిల్లాలో, హైదరాబాద్ నుంచి వెళ్లిన కొందరు యువకులు దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చారు. ఎవరో వాళ్లను పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని గ్రూపులో పెట్టారు, ముందున్న ఊరివాళ్లు దారి అడ్డగించి కొట్టారు. ఒక సాఫ్ట్‌వేర్ ఇంజనీరు చనిపోయాడు. "ఎవరు బాబూ మీరు?" అని నెమ్మదిగా అడిగి, జవాబు వినేవాళ్లుంటే బతికేవాడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా చెయ్యి వణుకుతుంది.

ఆ నెలలోనే వాట్సాప్ మన దేశంలో ఒక మెసేజీని ఒకేసారి ఐదు చాట్లకు, అంటే మనుషులకైనా గ్రూపులకైనా, మించి ఫార్వర్డ్ చేయకుండా హద్దు పెడుతున్నట్టు ప్రకటించింది. మంచిదే, కానీ అది మీదాకా వస్తే ఏం చేస్తారన్నది మీ చేతిలోనే ఉంది.

వెళ్లి అడగడం అనే ఈ అలవాటు పుకార్లకే కాదు. 2006 నుంచి మన ఉమ్మడి రాష్ట్రంలో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ మొదలైంది. కూలీల ఇళ్లలో పుట్టి నాలుగక్షరాలు చదువుకున్న యువకులే మస్టర్లు, అంటే కూలీల హాజరు పట్టీలు, పట్టుకుని ఇంటింటికీ వెళ్లి "అక్కా, ఇన్ని రోజులు పని చేశావని రాసుంది, చేశావా? డబ్బు అందిందా?" అని అడిగేవాళ్లు. తేలిందాన్ని అందరి ముందూ చదివి వినిపించేవాళ్లు. కాగితమైనా సరే, ఫోనైనా సరే, చెప్పినదాన్ని మనిషి దగ్గరికి తీసుకెళ్లి సరిచూసుకోవడమే కదా!

మీరూ ఇలా వెళ్లి అడగొచ్చు. తెలంగాణలో చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ జరగాలి. మీ ఊళ్లో కిందటిసారి ఎప్పుడు జరిగిందో పంచాయతీ కార్యదర్శిని అడగండి, ఒక్కరే వెళ్లడానికి టెన్షన్ అయితే ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి.

ఇకమీదట భయపెట్టే వీడియో ఏదైనా వస్తే, ఇంకెవరికీ పంపకుండా ముందు నాకు ఫోన్ చేయండి. రాత్రి పదైనా పరవాలేదు, ఇద్దరం కలిసి అది ఎక్కడిదో చూద్దాం.

మీ తాతయ్య