లేహ్‌కి చిన్న ట్రిప్పు: అపోహలు – వాస్తవాలు

లడఖ్ ప్లాన్ వేసేటప్పుడు అందరూ ముందు మ్యాప్ తెరిచి కిలోమీటర్లు లెక్కపెడతారు. ఆ లెక్క అక్కడ పెద్దగా పనికిరాదు. లెక్కపెట్టాల్సింది ఏ రాత్రి ఎంత ఎత్తులో పడుకుంటున్నామన్నది. లేహ్ ఊరు సుమారు 3,500 మీటర్ల ఎత్తులో ఉంది. ఢిల్లీలో 200 మీటర్ల ఎత్తున విమానం ఎక్కినవాళ్లు గంటన్నర తిరిగేసరికి అక్కడ దిగుతారు. ఒళ్లు అలవాటు పడటానికి మాత్రం రోజులు పడుతుంది. ఈలోపు వచ్చే తలనొప్పి, వికారం, ఆయాసం లాంటివే ఎత్తు జబ్బు. ఈ ట్రిప్పు గురించి చలామణిలో ఉన్న అపోహల్లో సగానికి సగం ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: నాలుగు రోజులు చాలు, పాంగాంగ్ సరస్సు చూసి వచ్చేయొచ్చు.

చూడొచ్చు. కానీ అందులో ఒక రోజు హోటల్ గదిలో, ఇంకో రోజు ఆసుపత్రిలో గడిచే అవకాశం బాగా ఉంది. విమానంలో వెళ్లేవాళ్లు మొదటి రెండు రాత్రులు లేహ్‌లోనే పడుకోవాలి. ఇందులో బేరాల్లేవు. మొదటి రోజు గదిలోనే ఉండి తిని పడుకోవడం, సాయంత్రం ఓపిక ఉంటే మెయిన్ బజార్ దాకా మెల్లగా నడవడం, అంతే. రెండో రోజు శాంతి స్తూపం, లేహ్ ప్యాలెస్. స్తూపానికి ఐదు వందలకు పైగా మెట్లున్నాయి. పైదాకా కారు వెళ్తుంది కాబట్టి ఆ రోజు మెట్ల జోలికి పోవద్దు. మూడో రోజు శ్రీనగర్ రోడ్డు వైపు వెళ్తే నిమ్మూ దగ్గర సింధు, జంస్కార్ నదుల సంగమం, ఇంకాస్త ముందుకు ఆల్చి మఠం చూడొచ్చు. ఈ రోడ్డును ముందు పెట్టుకోవడానికి కారణం ఒక్కటే: అటు వైపు ఎత్తు లేహ్ కంటే తక్కువ.

నాలుగో రోజు ఖర్దుంగ్ లా (‘లా’ అంటే కనుమ) దాటి నుబ్రా లోయ. దిస్కిత్, హుందర్ ఊళ్లు 3,100 మీటర్ల ప్రాంతంలో ఉంటాయి, అంటే లేహ్ కంటే కిందే. పగలు 5,359 మీటర్ల కనుమ ఎక్కినా రాత్రి కిందే పడుకుంటారు. ఐదో రోజు ష్యోక్ లోయ దారిలో పాంగాంగ్. దారిలో పెద్ద కనుమ ఏదీ తగలదు. ఆరో రోజు చాంగ్ లా మీదుగా లేహ్, ఏడో రోజు విమానం. ఏడు రోజులంటే ఇలా వాడుకోవాలి.

ఇంత చేసినా పాంగాంగ్ రాత్రి కొంచెం కష్టమే. 3,000 మీటర్లు దాటాక, పడుకునే చోటు ఒక రాత్రికీ మరుసటి రాత్రికీ 500 మీటర్ల కంటే పెరగకూడదన్నది వైద్యులు చెప్పే లెక్క. స్పాంగ్మిక్ దగ్గరి టెంట్లు సుమారు 4,250 మీటర్ల ఎత్తులో ఉంటాయి. అందుకే పాంగాంగ్‌ను ట్రిప్పు చివరకు జరపాలి, ఒక్క రాత్రితో సరిపెట్టాలి. పెద్దవాళ్లు, పిల్లలు వెంట ఉంటే సరస్సు చూసుకుని వెనక్కి తాంగ్‌త్సే ఊరికి వచ్చి పడుకోవడం మేలు. అది సుమారు 3,900 మీటర్లు. టెంటు ముందు సూర్యోదయం పోతుంది, నిద్ర మాత్రం పడుతుంది. ఐదు రోజులే సెలవున్నవాళ్లు నుబ్రా వదిలేసి, నాలుగో రోజు తెల్లవారుజామునే బయల్దేరి పాంగాంగ్ చూసి రాత్రికి లేహ్ చేరుకోవచ్చు. పది, పన్నెండు గంటల కారు ప్రయాణంతో నడుం పడిపోతుంది, కానీ పడక లేహ్‌లోనే.

అపోహ: జిమ్‌కి వెళ్తాను, రోజూ ఐదు కిలోమీటర్లు పరిగెడతాను, నాకేం కాదు.

దమ్ముకూ ఎత్తుకు అలవాటు పడటానికీ సంబంధం లేదు. ఎవరికి ఇబ్బంది వస్తుందో ముందే చెప్పే పరీక్ష కూడా లేదు. గతంలో ఆ ఎత్తున జబ్బుపడ్డారా అన్నదొక్కటే కాస్త పనికొచ్చే ఆధారం. నిజానికి ఫిట్‌గా ఉన్న కుర్రాళ్లే ఎక్కువ చిక్కుల్లో పడతారు. దిగిన రోజు వాళ్లకు ఏమీ అనిపించదు. లక్షణాలు బయటపడటానికి ఆరు నుంచి పన్నెండు గంటలు పడుతుంది. ఈలోపు బైకు అద్దెకు తీసుకుని ఊరంతా చుట్టేస్తారు. రాత్రి పదింటికి తలనొప్పి మొదలవుతుంది.

అపోహ: అక్కడ గాలిలో ఆక్సిజన్ శాతం తక్కువ. ఓ డబ్బా వెంట ఉంటే చాలు.

శాతం ఎక్కడైనా దాదాపు 21. తగ్గేది గాలి పీడనం. లేహ్‌లో అది సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులు, ఖర్దుంగ్ లా మీద సగం కంటే కాస్త ఎక్కువ. ఒక్కో శ్వాసలో అందే ఆక్సిజన్ ఆ మేరకు తగ్గుతుంది. ఇదే కారణంగా లేహ్‌లో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, కుక్కర్ లేకుండా పెట్టిన అన్నం పలుకుగా మిగిలిపోతుంది.

ఇక డబ్బా సంగతి. పది లీటర్లని రాసి ఉన్న డబ్బాను నిమిషానికి రెండు లీటర్ల చొప్పున పీలిస్తే ఐదు నిమిషాల్లో ఖాళీ. కనుమ మీద కాసేపు ధైర్యానికి సరే, రాత్రంతా ఆయాసపడే మనిషికి అది దేనికీ చాలదు. విమానంలో దాన్ని ఎలాగూ ఎక్కనివ్వరు. అవసరమైతే లేహ్‌లోనే కొనుక్కోవచ్చు. నుబ్రా, పాంగాంగ్ వెళ్లేటప్పుడు కారులో పెద్ద సిలిండర్ ఉందో లేదో డ్రైవర్‌ని అడగండి. ఉందంటే మాస్కు ఉందా, మీటరు ముల్లు కదులుతోందా చూడండి.

వేలికి పెట్టే ఆక్సీమీటర్ మీద ఇంకో మాట. లేహ్‌లో మొదటి రోజుల్లో 85 నుంచి 92 మధ్య చూపిస్తే కంగారు పడనక్కర్లేదు. వేళ్లు గడ్డకట్టుకుపోయి ఉంటే మీటరు తప్పు చెబుతుంది. 78 చూపించిందే, చేతులు రుద్దుకుని, గోళ్ల రంగు లేని వేలికి పెట్టి, నిమిషం కదలకుండా కూర్చుంటే 87 చూపించొచ్చు. అంకె ఒక్కదాన్ని కాదు, మనిషిని చూడండి.

అపోహ: డయామాక్స్ మాత్ర వేసుకుంటే ఎత్తు జబ్బు పైకి కనబడకుండా దాగిపోతుంది.

ఇది ఎంతగా పాతుకుపోయిందంటే, వేసుకోవాల్సినవాళ్లు కూడా భయపడి మానేస్తున్నారు. డయామాక్స్ (అసెటజోలమైడ్) నొప్పి మాత్ర కాదు. మూత్రపిండాల ద్వారా బైకార్బొనేట్‌ను బయటికి పంపి రక్తంలో ఆమ్లత్వం కాస్త పెంచుతుంది. దాంతో శ్వాస జోరందుకుంటుంది. అంటే ఒళ్లు రెండు మూడు రోజుల్లో తనంతట తాను చేసుకునే సర్దుబాటునే త్వరగా చేయిస్తుంది. పెద్దవాళ్లకు నివారణ కోసం సాధారణంగా రాసేది 125 మిల్లీగ్రాములు, రోజుకు రెండుసార్లు, ప్రయాణానికి ముందు రోజు నుంచి మొదలుపెట్టి, చేరాక రెండు రోజులు. 250 మాత్రయితే సగం. వేళ్లు, పెదాలు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువ వస్తుంది, సోడా తాగితే రుచి చెడినట్టుంటుంది. ఇవన్నీ మామూలే. సల్ఫా మందులు పడనివాళ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోకూడదు. పిల్లలకు మోతాదు బరువును బట్టి మారుతుంది. మాత్ర వేసుకున్నాం కదా అని రెండు రాత్రుల విశ్రాంతి ఎగ్గొట్టడం కుదరదు.

నిజంగా లక్షణాలను దాచేవి వేరే ఉన్నాయి: మద్యం, నిద్రమాత్రలు. మొదటి రెండు రోజులు రెండింటికీ దూరం. నిద్రలో శ్వాస ఆగినట్టయి ఉలిక్కిపడి లేవడం ఆ ఎత్తులో చాలామందికి జరుగుతుంది, దానికి నిద్రమాత్ర మందు కాదు.

అపోహ: నీళ్లు బాగా తాగితే, కర్పూరం వాసన చూస్తే ఏమీ రాదు.

దాహం తీరేలా, మూత్రం లేత రంగులో ఉండేలా తాగితే చాలు. గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇంటి దగ్గరికంటే కాస్త ఎక్కువే పడుతుంది. ఐదారు లీటర్లు బలవంతాన పట్టిస్తే రక్తంలో సోడియం పడిపోయి వచ్చే తలనొప్పి, వికారం అచ్చం ఎత్తు జబ్బులాగే ఉంటాయి. కర్పూరంతో ముక్కు తెరుచుకున్నట్టనిపిస్తుంది తప్ప రక్తంలోకి ఆక్సిజన్ పెరగదు. రోజూ మూడు కాఫీలు తాగేవాళ్లు ‘కొండకి వెళ్తున్నాం కదా’ అని మానేయకండి. కాఫీ మానేసిన తలనొప్పికీ ఎత్తు తలనొప్పికీ తేడా కనిపెట్టడం కష్టం.

అపోహ: రోడ్డు మీద వెళ్తే మెల్లగా అలవాటవుతుంది, కాబట్టి విమానం కంటే మంచిది.

శ్రీనగర్ నుంచి అయితే నిజం. శ్రీనగర్ 1,600 మీటర్ల లోపు, మధ్యలో రాత్రి బస చేసే కార్గిల్ సుమారు 2,700, తర్వాత లేహ్. చక్కటి మెట్లు. మనాలి దారి అలా కాదు. మనాలి సుమారు 2,050 మీటర్లు. రెండు రోజుల్లో వెళ్లాలనుకునేవాళ్లు మధ్యలో సర్చూ టెంట్లలో పడుకుంటారు. అది 4,200 మీటర్ల పైమాటే, అంటే లేహ్ కంటే ఎక్కువ ఎత్తు. మనాలి దాటాక కొండ కింద తవ్విన అటల్ టన్నెల్ వచ్చాక ప్రయాణం తొందరగా సాగుతోంది, ఎత్తు కూడా అంతే తొందరగా పెరుగుతోంది. ఈ దారిలో వెళ్తే కీలాంగ్‌లోనో జిస్పాలోనో కనీసం ఒక రాత్రి, వీలైతే రెండు ఆగండి. ఆ తర్వాత సర్చూలో ఆగకుండా ఒకే రోజు లేహ్ చేరడం చాలా పెద్ద ప్రయాణం. ఏం చేసినా ఏదో ఒక రాజీ తప్పదు. చిన్న ట్రిప్పుకు ఆ దారిని మేం సూచించం.

అపోహ: బాగోలేకపోతే కారెక్కి కిందికి దిగిపోవచ్చు.

పుస్తకాల్లో రాసి ఉండే మాట ఇదే: దిగిపోండి. పాంగాంగ్ నుంచి లేహ్‌కి దిగాలన్నా ముందు 5,300 మీటర్లు దాటిన చాంగ్ లా ఎక్కాలి. లేహ్ నుంచి మనాలి వైపు దిగాలంటే తగ్లాంగ్ లా ఎక్కాలి, శ్రీనగర్ వైపు అయితే 4,100 మీటర్ల ఫోటు లా దాటాలి. కాబట్టి లేహ్‌లో జబ్బు ముదిరితే దారి రోడ్డు కాదు. ముందు లేహ్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి ఎస్ఎన్ఎమ్, తర్వాత అవసరమైతే విమానం. విమానాలు ఎక్కువగా ఉదయమే నడుస్తాయి, మధ్యాహ్నానికి గాలులు లేస్తాయి. అందుకే సాయంత్రం దాకా చూద్దామని ఆగితే ఒక రోజు పోయినట్టే.

ఎప్పుడు భయపడాలో తెలుసుకోండి. ఒక్క తలనొప్పే ఉంటే పారాసెటమాల్ వేసుకుని విశ్రాంతి తీసుకోవచ్చు, ఇంకా పైకి మాత్రం వెళ్లకూడదు. కదలకుండా కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు, ఛాతీలో గురగుర ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని అర్థం. ఇది ఎక్కువగా రెండో రాత్రి నుంచి నాలుగో రాత్రి మధ్య వస్తుంది. మెదడు వాపు అనుమానం ఉంటే మనిషిని నిలబెట్టి, ఒక కాలి మడమ రెండో కాలి బొటనవేలికి ఆనించుకుంటూ తిన్నగా పది అడుగులు వేయమనండి. తూలితే తెల్లారేదాకా ఆగకండి.

అపోహ: ఖర్దుంగ్ లా ప్రపంచంలోనే ఎత్తైన మోటారు రోడ్డు.

కనుమ మీది బోర్డు ఏళ్ల తరబడి 18,380 అడుగులని చెప్పింది. జీపీఎస్ కొలతల్లో వచ్చింది 17,582. లడఖ్‌లోనే ఉమ్లింగ్ లా మీద బీఆర్‌ఓ (సరిహద్దు రోడ్ల సంస్థ) వేసిన రోడ్డు 19,000 అడుగులు దాటింది. ఫొటో దిగండి, పావుగంటలో బయల్దేరండి. బోర్డు దగ్గరికి పరుగెత్తకండి.

అపోహ: జులై, ఆగస్టుల్లో వానలు, వెళ్లకూడదు.

లేహ్ వర్షచ్ఛాయ ప్రాంతం, అంటే వాన మేఘాలను కొండలు అడ్డుకునే చోటు. ఏడాది మొత్తానికి కురిసేది 100 మిల్లీమీటర్ల చుట్టుపక్కల. వాన తగిలేది దారుల్లో, ముఖ్యంగా మనాలి వైపు. అలాగని ఎప్పుడూ కురవదనీ కాదు, 2010 ఆగస్టులో మేఘం బద్దలై లేహ్‌ను వరద ముంచెత్తింది. మంచు కరిగి వచ్చే వాగులు మధ్యాహ్నానికి పొంగుతాయి కాబట్టి రోడ్డును దాటే నీళ్లు ఏవైనా పొద్దున్నే దాటేయాలి.

సిమ్, పర్మిట్, టాక్సీ

బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు. వెళ్లే ముందే ఒక నంబరైనా పోస్ట్‌పెయిడ్‌కు మార్చుకోండి. భారతీయులకు ఇన్నర్ లైన్ పర్మిట్ (సరిహద్దు ప్రాంతాల్లోకి వెళ్లే అనుమతి) అవసరాన్ని 2021లో ఎత్తేశారు, కానీ పర్యావరణ రుసుము ఆన్‌లైన్‌లో కట్టాలి. రసీదు కాపీలు మూడు నాలుగు తీసి పెట్టుకోండి. మనాలి, శ్రీనగర్ టాక్సీలు లేహ్‌లో దింపగలవు తప్ప నుబ్రా, పాంగాంగ్ తిప్పలేవు, దానికి లేహ్ బండే కావాలి. బయట అద్దెకు తీసుకున్న బైకులకూ ఇదే చిక్కు. టాక్సీ రేట్లు యూనియన్ పట్టిక ప్రకారం ఉంటాయి, బేరం పెద్దగా సాగదు. పాంగాంగ్ దగ్గర పెట్రోలు బంకు మీద, నెట్‌వర్క్ మీద నమ్మకం పెట్టుకోకూడదు, కాబట్టి పెట్రోలు, నగదు లేహ్‌లోనే సిద్ధం చేసుకోండి.

తిరుగు విమానం వాతావరణం బాగోక రద్దవడం అక్కడ వింతేమీ కాదు. ఢిల్లీ నుంచి ఇంటికి వెళ్లే టికెట్‌ను వేరుగా కొన్నట్టయితే అదే రోజుకు కాకుండా మరుసటి రోజుకు పెట్టుకోండి. లేహ్ విమానం రద్దయితే ఆ రెండో టికెట్ డబ్బు తిరిగి రాకపోవచ్చు.