ఢామ్మంటే ఆసిలేషనేనా? లీనియర్ ట్యూబుల గురించి అపోహలు - వాస్తవాలు

గత నెల రాజమండ్రి నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశారు. "బాబూ, మళ్లీ ఢామ్మంది, ఈ ట్యూబు కూడా పోయింది. ఈ పారాసిటిక్‌ని ఎలా ఆపాలి?" పారాసిటిక్ అంటే యాంప్లిఫైయర్ తనంతట తానే అక్కర్లేని ఫ్రీక్వెన్సీలో ఆసిలేట్ అవడం. ఆయనది ఒక్క 3-500జడ్ వాక్యూమ్ ట్యూబు ఉన్న లీనియర్, అంటే హ్యామ్ రేడియో సిగ్నల్ పవర్ పెంచే యాంప్లిఫైయర్. మొదటి ట్యూబు పోయాక ఎవరో చెప్పారని సప్రెసర్ (ఆ ఆసిలేషన్‌ని అణిచే కాయిల్, రెసిస్టర్ జత) రెండుసార్లు మార్చారు, నైక్రోమ్ తీగ కూడా తెప్పించి చుట్టారు. రిటైరైన మనిషి, గొంతులో టెన్షన్ తెలిసిపోతోంది.

కొత్త ట్యూబు ఎన్నాళ్లు డబ్బాలో ఉందని అడిగాను. "పాతికేళ్లు. సీల్ కూడా తియ్యలేదు, ఫ్రెష్ పీస్." అసలు సంగతి అక్కడే ఉంది.

అపోహ: పెద్ద చప్పుడుతో ట్యూబు పోయిందంటే వీహెచ్‌ఎఫ్ (చాలా ఎక్కువ ఫ్రీక్వెన్సీ) ఆసిలేషనే.

వాస్తవం: నా బెంచ్ మీదకి వచ్చినవాటిలో ఎక్కువ, ట్యూబు లోపలి వాక్యూమ్‌లో చేరిన గ్యాస్ వల్ల ఆర్క్ (మెరుపులాంటి స్పార్క్) అయినవే. 3-500జడ్ లోహపు ప్లేటుకి (హై వోల్టేజి ఇచ్చే ఎలక్ట్రోడ్‌కి) ఉండే పూత గ్యాస్‌ని పీల్చుకుంటుంది, కానీ ప్లేటు ఎర్రగా కాలినప్పుడే. డబ్బాలో ఏళ్లతరబడి పడుకున్న ట్యూబుకి ఆ అవకాశం లేదు, తీసుకొచ్చి ఒక్కసారిగా 3000 వోల్టులిస్తే లోపల ఆర్క్ కొడుతుంది. అప్పుడు ఫిల్టర్ కెపాసిటర్లు మొత్తం ఖాళీ అవుతాయి. 25 మైక్రోఫారడ్లయితే 112 జౌళ్ల శక్తి, అడ్డు లేకపోతే వందల ఆంపియర్లు. గ్రిడ్ (ట్యూబులో కరెంటుని అదుపుచేసే జాలీ) వెళ్లి, వేడెక్కే తీగైన ఫిలమెంట్‌కి అంటుకుంటుంది, డయోడ్లు, మీటర్ షంట్ కూడా పోతాయి. హెచ్‌టీ (హై వోల్టేజి) లైన్‌లో 50 ఓమ్‌ల వైర్‌వౌండ్ రెసిస్టర్ ఒక్కటి ఉంటే ఆ కరెంటు 60 ఆంపియర్లు దాటదు. ఏ సప్రెసరూ ఆ పని చెయ్యలేదు. సప్రెసర్ రెసిస్టర్ మాడిందని రుజువుగా ఫోటో పంపుతారు, ఆ ఆర్క్ కరెంటు దాని గుండానే పోతుంది కదా, మాడక ఏం చేస్తుంది?

ఆసిలేషన్ రాదని కాదు. న్యూట్రలైజ్ చెయ్యని (ఔట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి తిరిగొచ్చే సిగ్నల్‌ని రద్దు చెయ్యని) 811ఏ ట్యూబు సెట్లలో 10 మీటర్ల బ్యాండ్ మీద వస్తుంది. అనుమానముంటే ఊహించుకోకుండా చూసుకోండి: డ్రైవ్ (ఇన్‌పుట్ సిగ్నల్) ఇవ్వకుండా, ఐడిల్ కరెంటుతో, బ్యాండ్ బ్యాండ్‌కీ ట్యూన్, లోడ్ నాబ్‌లు ఈ చివర నుంచి ఆ చివరికి తిప్పండి. గ్రిడ్ కరెంటు సున్నాలోనే ఉండాలి, ప్లేట్ కరెంటు ముల్లు కదలకూడదు. కదిలితే అప్పుడు సప్రెసర్ సంగతి, గ్రిడ్ గ్రౌండ్ లీడ్ల పొడవు సంగతి మాట్లాడుకుందాం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. ప్లేటు ఎర్రబడితే ట్యూబు పోయినట్టా? 3-500జడ్‌కి అది మామూలే, గ్రాఫైట్ ప్లేటు ఉన్నదానిలో మాత్రం రంగు కనపడకూడదు. గాజు మీద నీలం వెలుగు కనిపిస్తే భయపడకండి, ఎలక్ట్రోడ్ల మధ్య ఊదారంగు పొగలా ఉంటేనే గ్యాస్. ఫిలమెంట్ వోల్టేజి పెంచితే పవర్ పెరగదు, ఆయుష్షు తగ్గుతుంది. మీ ఇంట్లో మెయిన్స్ 230కి బదులు 250 ఉంటే ఫిలమెంట్ 5 వోల్టులు కాస్తా 5.4 అవుతుంది, సాకెట్ దగ్గర కొలవండి.

పెద్దాయన ఇంకో పాత ట్యూబు సంపాదించారు. ఫ్యాన్ ఆన్ చేసి రాత్రంతా ఫిలమెంట్ మీదే ఉంచమన్నాను, తర్వాత కొద్దికొద్దిగా కరెంటిచ్చి ప్లేటు మసక ఎరుపు వచ్చేదాకా నడపమన్నాను. రెసిస్టర్ పెట్టి, మొదట్లో ఉన్న సప్రెసర్‌నే తిరిగి బిగించారు. మూడు వారాలుగా పొద్దున్నే 20 మీటర్ల బ్యాండ్‌లో వినిపిస్తున్నారు.

ఆయనకి రెండుసార్లు చెప్పిన మాటే మీకూ: కవర్ తీసేముందు ప్లగ్ పీకండి, బ్లీడర్‌ని (కెపాసిటర్లని ఖాళీ చేసే రెసిస్టర్‌ని) నమ్మకండి, కెపాసిటర్లని గ్రౌండ్ కర్రతో (గ్రౌండ్‌కి కలిపిన తీగ ఉన్న ఇన్సులేటెడ్ కర్ర) తాకించి మీటర్‌లో సున్నా చూశాకే చెయ్యి పెట్టండి.